గోడలు మోయని ఇల్లు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని పెద్దలన్నారు. అద్దె ముందే చెల్లించిన ఇంటి వాసాల సంగతి మాత్రం వాళ్లేమీ చెప్పలేదు. అందుకని లిజియాంగ్‌లో మొదటి రాత్రి నిద్రపట్టక, వెల్లకిలా పడుకుని వాసాలు లెక్కపెట్టాను. ఊరున్నది సముద్రమట్టానికి 2,400 మీటర్ల ఎత్తున. చెక్కమెట్లు పదీ పన్నెండు ఎక్కి గదిలోకి వచ్చేసరికే గుండె చప్పుడు చెవుల్లో వినిపించింది. కరెంటు దుప్పటి ఒళ్లంతా వెచ్చబెడుతోంది కానీ ముక్కుకొన మంచుగడ్డలా ఉంది. పైన ఇరవై మూడు వాసాలు. ఇరవై రెండు పొగచూరి నల్లగా నిగనిగలాడుతున్నాయి. కిటికీ వైపు నుంచి అయిదోది ఒక్కటే లేత రంగులో, ముసలివాళ్ల మధ్య కూర్చున్న కుర్రాడిలా ఉంది.

నైరుతి చైనాలో యున్నాన్ రాష్ట్రం. ఇటు బర్మా, అటు టిబెట్ అంచులు. అక్కడ 5,596 మీటర్ల ఎత్తున పచ్చల డ్రాగన్ అనే మంచుకొండ, దాని కాళ్ల దగ్గర లిజియాంగ్. అందులో దాయాన్ అనే పాత పేట వయసు సుమారు ఎనిమిది వందల ఏళ్లు. ఊరు నాషీలనే కొండజాతి వాళ్లది. వాళ్లకు సొంత భాష ఉంది, సొంత దేవుళ్లున్నారు, బొమ్మలతో రాసే సొంత లిపి కూడా ఉంది. యాంగ్‌జీ నది ఈ ఎగువ ప్రాంతంలో జిన్షా పేరుతో పారుతూ వీళ్ల కొండల చుట్టూ మెలికలు తిరుగుతుంది. ఇదంతా నేను వెళ్లకముందే చదువుకున్నదే. గోడల సంగతి మాత్రం వెళ్లాకే అర్థమైంది.

మనకు ఇల్లంటే నాలుగు గోడలు. పరువు నాలుగు గోడల మధ్య ఉండాలంటాం. గోడలకు చెవులుంటాయంటాం. ఎటూ తేల్చని వాణ్ని గోడ మీది పిల్లి అంటాం. పాత చైనాలో పట్టణాలకూ ఇదే లెక్క. పట్టణమంటే ప్రాకారం ఉండాల్సిందే. నగరానికీ ప్రాకారానికీ వాళ్ల భాషలో ఉన్నది ఒకే మాట. అలాంటి దేశంలో దాయాన్ చుట్టూ గోడ లేదు. వచ్చేవాళ్లు కొండల మీంచి దిగి, వాగులు దాటి, నేరుగా బజారు మధ్యలోకి వచ్చేస్తారు.

ఎందుకు లేదంటే ఊరివాళ్లు ఒక కథ చెబుతారు. ఈ సీమను తరతరాలుగా ఏలిన వంశం పేరు మూ. ఆ మాటకు చెట్టు, కర్ర అని అర్థం. అక్షరం కూడా చెట్టులాగే ఉంటుంది: ఒక నిలువు గీత, దాని మీద అడ్డగీత, అటూ ఇటూ కిందికి వాలిన రెండు గీతలు. ఈ అక్షరం చుట్టూ నాలుగు వైపులా గీత గీస్తే అది వేరే అక్షరమైపోతుంది. దాని అర్థం ఇరుక్కుపోవడం, చిక్కుల్లో పడటం. ఊరి చుట్టూ గోడ కడితే రాజుగారు ఇరుక్కున్నట్టే కదా, అందుకే కట్టలేదట. నాకు ఈ కథ నచ్చింది, నమ్మకం మాత్రం కుదరలేదు. చుట్టూ కొండలు కాపలా ఉన్నాయి, వచ్చేపోయే బిడారులే ఊరికి తిండి. అలాంటి చోట గోడ కట్టడమంటే దుకాణం గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకోవడమే. అయితే నిజమైన కారణాలకన్నా కథలకే ఆయుష్షు ఎక్కువ.

ఆ ఇంటిపేరు వెనకా ఓ ముచ్చట ఉంది. 1253లో కుబ్లాయ్ ఖాన్ దాలీ రాజ్యం మీదికి పోతూ, గాలి ఊదిన తోలుతిత్తుల మీద సైన్యాన్ని జిన్షా దాటించాడు. ఇక్కడి నాయకుడు ఎదురు నిలవకుండా దారిచ్చాడు, పదవి దక్కించుకున్నాడు. మంగోలులు పోయి మింగ్ వంశం వచ్చింది. 1382లో అప్పటి నాయకుడు వాళ్లకీ ముందుగానే తలవంచాడు. మెచ్చిన చక్రవర్తి మూ అనే ఇంటిపేరు బహూకరించాడు. చక్రవర్తి ఇంటిపేరు జూ. ఆ అక్షరంలోంచి రెండు గీతలు తీసేస్తే మూ అవుతుంది. తన పేరులోంచి కాస్త తుంచి ఇచ్చాడన్నమాట. మరి మామూలు జనానికో? వాళ్లందరిదీ హే అనే ఇంటిపేరు. ఆ అక్షరంలో మూ నెత్తిన ఒక చిన్న గీత, పక్కన ఒక చదరం ఉంటాయి. ఆ గీత గడ్డిటోపీ అనీ, ఆ చదరం వీపున మోసే బుట్ట అనీ ఊళ్లో చమత్కరిస్తారు. ఏలేవాడు ఉత్త చెట్టు, అదే చెట్టుకు టోపీ పెట్టి బుట్ట తగిలిస్తే రైతు. ఇంత పొదుపుగా వర్గభేదం చెప్పిన లిపి ఇంకోటి ఉందో లేదో.

1639లో షూ షియాకే అనే మహా యాత్రికుడు ఇక్కడికి వచ్చాడు. చైనా యాత్రా సాహిత్యంలో అంత పేరున్నవాళ్లు అరుదు. అప్పటి పెద్ద మూ జెంగ్ ఆయన్ను ఘనంగా ఆదరించాడు. ఆ మూల కొండల్లో మూ వారి భవనాల వైభవం రాజుల స్థాయిలో ఉందని షూ తన దినచర్యలో రాసుకున్నాడు. తర్వాత యాత్రికుడి కాళ్లు పడిపోతే, మూ జెంగ్ పల్లకీ ఏర్పాటు చేసి దేశం అటు చివర ఉన్న ఆయన సొంతూరికి మనుషులతో మోయించి పంపాడు. నెలల ప్రయాణమది. 1641లో ఆయన తన ఇంట్లోనే కన్ను మూశాడు. మూ వారి గురించి మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్క పల్లకీ నాకు గుర్తుండిపోతుంది. వాళ్ల ఏలుబడి మాత్రం 1723తో సరి. ఆ ఏడు ఛింగ్ ప్రభుత్వం వంశపారంపర్యాన్ని తీసేసి, రాజధాని నుంచి అధికారుల్ని పంపడం మొదలుపెట్టింది.

ఊరికి గోడ లేదు సరే, ఊరిని పట్టి ఉంచుతున్నదేమిటని మర్నాడు పొద్దున్నే నడిచాను. జవాబు చెప్పులకే తగిలింది. నీళ్లు. ఉత్తరాన ఒక కొండ మొదట్లో నల్ల డ్రాగన్ మడుగు ఉంది. అందులో ఊటగా పుట్టిన నీరు ఊరి ముఖద్వారం దగ్గర మూడు పాయలుగా చీలుతుంది. నడిమి పాయ దానంతటది పుట్టింది, పడమటిదీ తూర్పుదీ తర్వాతి కాలాల్లో తవ్వినవి. ఆ మూడూ మళ్లీ చిన్న చిన్న కాలువలై ఇళ్ల ముందు నుంచి, ఇళ్ల వెనక నుంచి, కొన్నిచోట్ల ఇళ్ల కింద నుంచి పోతాయి. వీధులు నీళ్ల వెంట నడిచాయి, ఇళ్లు వీధుల వెంట నిలబడ్డాయి. అందుకే ఏ వీధీ తిన్నగా ఉండదు. దారి తప్పితే నీటికి ఎదురు నడవమని ఇక్కడి సలహా. ఎదురు నడిస్తే ఊరి తలకు చేరుతాం.

మూడు కళ్ల బావులని ఉన్నాయి. ఊట పైకి ఉబికే చోట మొదటి గుంట, దాని పొంగు పడే చోట రెండోది, ఆ పొంగు పడే చోట మూడోది. మొదటిదాంట్లో తాగే నీళ్లు, రెండోదాంట్లో కూరలు కడగడం, మూడోదాంట్లో బట్టలు. కాపలా లేదు, జరిమానా బోర్డు లేదు. వంద గజాల దూరంలో పెద్ద హోటలు తన మురుగునీటిని ఎటు పంపుతోందోనని ఆలోచన వచ్చింది, అడగలేదు.

ఊరి నడిబొడ్డున సిఫాంగ్ అనే బజారు చౌకు. నేలంతా రంగురంగుల రాతి పలకలు. గుర్రాల డెక్కలకూ మనుషుల చెప్పులకూ అరిగి నున్నగా మెరుస్తాయి, వాన పడితే లోపలి ఎరుపూ పసుపూ పైకి తేలుతాయి. పాతరోజుల్లో సంత ముగిశాక పడమటి కాలువకు అడ్డుపలక వేసేవాళ్లు. ఎగదన్నిన నీరు చౌకంతా పరుచుకుని, పేడా గడ్డీ కూరగాయల చెత్తా ఊడ్చుకుని అవతలి కాలువలోకి దిగేది. చౌకు సన్నగా ఒక వైపు వాలి ఉండేది అందుకే. ఆ వాలు పెట్టిన మేస్త్రి పేరు ఏ శాసనంలోనూ కనిపించదు.

ఇక ఇల్లు. ఇక్కడ కాసేపు ఆగక తప్పదు, ఎందుకంటే నేను వెళ్లిందే దానికోసం.

నాషీ ఇంటికి రకాలున్నా బాగా కనిపించేది ఒకటి: మూడు వైపులా మూడు రెండంతస్తుల కట్టడాలు, నాలుగో వైపు తెల్లటి తెరగోడ, మధ్యలో ఆకాశం. మా అమ్మమ్మ వాళ్ల గోదావరి జిల్లా మండువా లోగిలి తెలిసినవాళ్లకు ఈ మధ్య ఖాళీ కొత్త కాదు. తేడా ఒకటుంది. మన మండువా వాన కోసం, గాలి కోసం. వీళ్లది ఎండ కోసం. తెల్లగోడ మీద పడిన ఎండ తిరిగి ఎదుటి గదుల్లోకి కొడుతుంది. మంచుకొండ గాలి తగిలే చోట వెలుతురును ఇలా రెండుసార్లు వాడుకుంటారు. నేలమీద గులకరాళ్లతో గబ్బిలాలూ కొంగలూ పేర్చి ఉంటాయి. గబ్బిలాన్ని చూసి ముఖం చిట్లించనక్కర్లేదు, చైనా భాషలో దాని పేరు చివరి భాగానికీ అదృష్టానికీ ఉచ్చారణ ఒకటే. ఇంటి ముందు లోతైన వసారా ఉంటుంది. సంసారమంతా అక్కడే: తిండి, కబుర్లు, మిరపకాయలు ఎండబెట్టడం, ముసలివాళ్ల కునుకులు. గదుల్లోకి వెళ్లేది నిద్రకే. వసారా వైపు గోడ ఉండదు, చెక్కడాలు చెక్కిన ఆరు తలుపు రెక్కలుంటాయి. పండగొస్తే ఆ రెక్కలన్నీ ఊడదీసి పక్కన పెడితే గదీ వసారా మండువా ఒకటైపోతాయి.

పైకప్పు గూన పెంకులు. చూరు కొసన, దూలాలు బయటికి పొడుచుకొచ్చిన చోట, చేప ఆకారంలో చెక్కపలక వేలాడుతుంటుంది. చేపకూ మిగులుకూ చైనా భాషలో ఉచ్చారణ ఒకటే. కొంప కలకాలం మిగులుతో ఉండాలని ఒక కోరిక. చేప నీటి ప్రాణి కనక నిప్పు దగ్గరికి రాదని ఇంకో నమ్మకం. చెక్క ఇళ్ల ఊళ్లో ఆ రెండో కోరిక ఎంత బలమైనదో ఊహించుకోవచ్చు.

అసలు కిటుకు లోపలుంది. ఇల్లు మోసేది గోడలు కాదు. ముందు రాతి పీఠాల మీద కర్ర స్తంభాలు లేస్తాయి. ఒక కర్ర కొసను కుసిగా చెక్కి, రెండో కర్రలో బెజ్జం తొలిచి, అందులోకి దిగ్గొడతారు. ఇనుప మేకు పని లేదు. స్తంభాలు, అడ్డదూలాలు, వెన్నుదూలం, వాసాలు, అన్నీ నిలబడి పెంకు కూడా పడ్డాకే గోడల సంగతి. అవి కింద రాయి, పైన పచ్చి ఇటుక. ఇంకా పైకి పోతే తేలికపాటి పలకలు. పైకి పోయేకొద్దీ గోడ లోపలి వైపు కాస్త వాలుతుంది. కనుక అది చేసే పని చలిని ఆపడం, దొంగను ఆపడం, అంతే. పైకప్పు బరువులో గుప్పెడు కూడా దాని మీద పడదు. గోడ కూలినా ఇల్లు కూలదని చైనా వడ్రంగుల సామెత. మనకూ ఈ జ్ఞానం లేకపోలేదు. గుడిసె మధ్య నిలిపే నిట్రాడును మనం ఊరికే గౌరవించలేదు. సంసారం మోసే మనిషిని ఇంటికి నిట్రాడంటాం తప్ప ఇంటికి గోడ అనం కదా.

ఆ సామెతకు పరీక్ష 1996 ఫిబ్రవరి 3న వచ్చింది. సాయంత్రం ఏడు దాటాక, అన్నాల వేళ, తీవ్రత 7 ఉన్న భూకంపం లిజియాంగ్‌ను కుదిపింది. ఆ ప్రాంతంలో మూడు వందలమందికి పైగా పోయారు. వేలమంది గాయపడ్డారు. పాత పేటలో గోడలు కుప్పలుగా రాలాయి, పెంకులు వానలా కురిశాయి. కానీ చాలా ఇళ్ల కర్ర అస్థిపంజరాలు ఊగి, కిరకిరలాడి, మళ్లీ తమ చోట నిలబడ్డాయి. కుసీ బెజ్జం బిగుతుగా ఉన్నా వాటి మధ్య వెంట్రుకవాసి ఆట ఉంటుంది. భూమి కదిలితే కర్ర ఆ ఆటలో కదులుతుంది, విరగదు. పచ్చి ఇటుక గోడకు ఆ లౌక్యం తెలియదు, అది పోయింది. పోయేటప్పుడు మనుషుల మీదా పడింది, ఆ మాట దాచకూడదు. సామెత ఇంటి గురించి చెప్పింది గానీ గోడ పక్కన నిలబడ్డ మనిషి గురించి చెప్పలేదు.

తర్వాత జరిగింది మరీ వింత. పాత పేటలో అంతకుముందు మొలిచిన సిమెంటు భవనాల్లో చాలావాటిని తీసేసి, మళ్లీ కర్రతో, పెంకుతో, పాత పద్ధతిలో కట్టారు. ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది. 1997 డిసెంబరులో యునెస్కో దాయాన్‌ను, పక్కనున్న బైషా, షూహే పల్లెలతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. భూకంపం రాకుంటే ఈ ఊరికి ఇంత పాతదనం దక్కేది కాదేమో. మూ వారి కోట కూడా అప్పుడు లేచిందే. అసలు కోటను 19వ శతాబ్దపు యుద్ధాల్లో తగలబెట్టారు, మిగిలిన రాతి తోరణాన్ని సాంస్కృతిక విప్లవం రోజుల్లో పగలగొట్టారు. ఇప్పుడు టిక్కెట్టు కొని చూసేది భూకంపం తర్వాత మూడేళ్లలో కట్టిన కోట. మావోను చూసిన ముసలివాళ్లకన్నా చిన్నది. నేను గంటసేపు తిరిగి బయటికొచ్చి, ఎదురుగా గొందిలో ఒక పాత గోడ వాలు చూస్తూ అంతకన్నా ఎక్కువసేపు నిలబడ్డాను.

ఊరు బతికిందే బిడారుల మీద. దక్షిణాన పండే తేయాకు గుర్రాల మీద ఇటుగా టిబెట్‌కు పోయేది, అటునుంచి గుర్రాలు, ఉన్ని, మందుమూలికలు వచ్చేవి. నమ్మబుద్ధి కాదు గానీ, ఈ ఊరికి మహర్దశ పట్టింది రెండో ప్రపంచయుద్ధంలో. 1942లో జపాన్ బర్మా రోడ్డు తెంపేశాక, చైనాకు సరుకు రావడానికి మిగిలిన కొద్ది నేలదారుల్లో ఈ ఊరి దారి ఒకటి. కలకత్తా రేవులో దిగిన బట్టలూ సిగరెట్లూ మందులూ కాలింపాంగ్ చేరి, అక్కడ కంచరగాడిదలెక్కి, లాసా మీదుగా హిమాలయాల వెన్నంటి నెలల తరబడి నడిచి లిజియాంగ్‌లో దిగేవి. రష్యాలో పుట్టిన పీటర్ గులార్ ఆ రోజుల్లో ఇక్కడ సహకార సంఘాలు నడిపాడు. ఎనిమిది వేల కంచరగాడిదలు, గుర్రాలు, ఇరవై వేల జడలబర్రెలు ఆ దారిన పనిచేసి ఉంటాయని ఆయన అంచనా. ఇక్కడి వ్యాపారమంతా ఆడవాళ్ల చేతిలో ఉండేదని కూడా ఆయన 1955లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. బరువులు మోసేదీ బేరాలాడేదీ అప్పులిచ్చేదీ వాళ్లే. వాళ్లు వీపున కట్టుకునే గొర్రెతోలు మీద ఏడు గుండ్రటి బిళ్లలు వరసగా కుట్టి ఉంటాయి. చుక్కలు నెత్తిన ఉండగానే లేచి, చుక్కలు పొడిచాకే ఇంటికొచ్చే ఆడదాని గుర్తట అది.

ఇంకో మనిషి జోసెఫ్ రాక్. వియన్నాలో పుట్టిన వృక్షశాస్త్రవేత్త, మొక్కల కోసం వచ్చి మనుషుల దగ్గర ఆగిపోయాడు. 1922 నుంచి 1949 దాకా మధ్యలో వెళ్లిరావడాలతో ఈ కొండ కిందే గడిపాడు. నాషీల పూజారులు దోంగ్బాలు. బెరడుతో చేసిన మోటు కాగితం మీద వాళ్లు రాసే బొమ్మల లిపిని కూర్చుని నేర్చుకున్నాడు. 1944లో ఆయన ఏళ్ల తరబడి చేసిన రాతప్రతులతో వెళ్తున్న ఓడను అరేబియా సముద్రంలో జపాన్ టార్పెడో ముంచేసింది. ఆయన మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. కొండల్లో పుట్టిన దేవుళ్ల పేర్లు మన పడమటి సముద్రం అడుగున ఎక్కడో కరిగిపోయి ఉంటాయి.

సాయంత్రం చౌకులో నిలబడితే ఇవేవీ గుర్తురావు. ప్రతి రెండో దుకాణంలో ఒకే పాట, ఒకే డోలు, ఒకే పూల రొట్టె. బార్ల వీధిలో స్పీకర్ల దెబ్బకు చూరు కింది చేపలు కూడా అదురుతున్నట్టనిపించింది. నాషీ కుటుంబాలు చాలావరకు ఇళ్లను బయటివాళ్లకు అద్దెకిచ్చి కొత్త పట్టణంలో ఫ్లాట్లకు మారిపోయాయి. వాళ్లను తప్పుపట్టడానికి నేనెవర్ని? చెక్కింటి చలి ఒక్క రాత్రికే నా ముక్కుకు తెలిసింది. లిఫ్టూ గీజరూ కారు నిలపడానికి చోటూ అందరికీ కావాలి. ఆ అద్దె డబ్బుతోనే పిల్లలు చదువుకుంటున్నారు కూడా. చిక్కల్లా ఏమిటంటే మూడు కళ్ల బావికి మూడో గుంటలో బట్టలుతికే పక్కింటామె కావాలి. హోటలు దుప్పట్లు మెషిన్లో పడ్డాక అది ఫొటో తీసుకునే గుంటే. కరువు ఏళ్లలో నల్ల డ్రాగన్ మడుగు అడుగు బయటపడేదాకా ఎండింది, అప్పుడు ఊరి కాలువలకు వేరేచోటి నీళ్లు మళ్లించారు. గోడలు పోయినా నిలబడ్డ ఇల్లు, మనుషులు పోతే ఏమవుతుందో ఏ వడ్రంగీ సామెత కట్టలేదు.

నిప్పు భయం సరేసరి. 2013 మార్చిలో ఈ పేటలోనే దుకాణాలు కాలాయి. ఉత్తరాన షాంగ్రీలా పాత పేట దుకేజోంగ్ అయితే 2014 జనవరిలో ఒక్క రాత్రిలో చాలాభాగం బూడిదైంది. భూకంపాన్ని గెలిచిన కర్రకు అగ్గిపుల్ల చాలు.

చివరి రోజు పొద్దున్న బిల్లు చెల్లిస్తూ అడిగాను, ఆ అయిదో వాసం సంగతి. హోటలు చూసుకునే అమ్మాయిది హునాన్, వచ్చి రెండేళ్లయిందట. ఫోనులో అనువాదం చూసి ముందు అర్థం కాలేదు. చేత్తో పైకి చూపించాను. నాతోపాటు మెట్లెక్కి వచ్చి, తల వెనక్కి వాల్చి, చాలాసేపు చూసింది. భూకంపంలో మార్చిందా, చెదపట్టి మార్చిందా, కొత్త కర్ర ఏ కొండది, ఎవరు చెక్కారు, అన్నీ అడిగాను. ఇంటివాళ్లకు తెలిసుంటుందని టైపు చేసింది. వాళ్లెక్కడుంటారని అడిగితే ఊరవతల అపార్టుమెంట్ల వైపు చెయ్యి ఊపింది. అద్దె ఫోనులోనే పంపిస్తాం, మనుషుల్ని నేనెప్పుడూ చూడలేదని రాసింది. తర్వాత మళ్లీ పైకి చూసి, వేలితో గాల్లో ఒక్కొక్కటే చూపిస్తూ, తన భాషలో మెల్లగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.